గోల్కొండ రేవు చూసొచ్చాం

మొదటి రోజు: హయత్‌నగర్ మీదుగా బందరు

విజయవాడ హైవే ఎక్కే హైదరాబాదు వాళ్ళకి హయత్‌నగర్ అంటే సిటీ ట్రాఫిక్ నుంచి బయటపడే చోటు, అంతే. అక్కడ ఆగాలని ఎవరికీ తోచదు. ఈసారి మేం వెళ్తున్నది బందరు, అంటే మచిలీపట్నం, పక్కనున్న బందరుకోటకి, ఒకప్పుడు గోల్కొండ సుల్తానుల ఓడలు ఆగిన రేవుకి. అందుకని మా ఆయన్ని బతిమాలి కారు హయత్‌నగర్ ఊళ్ళోకి తిప్పించాను.

రోడ్డుకి కాస్త పక్కగా, ఇళ్ళ మధ్యలో హయాత్ బక్షీ బేగం మసీదు ఉంది. అయిదు కమాన్లు, రెండు మీనార్లు. పెద్ద ఆవరణ, దాని చుట్టూ వరసగా చిన్న చిన్న గదులు. మసీదు అందంగానే ఉంది కానీ నేను వెళ్ళింది ఆ గదుల కోసం. అది సరాయి. హైదరాబాదు నుంచి సముద్రం వైపు బయలుదేరిన బిడారాలు, అటు నుంచి వచ్చేవీ బస చేసిన చోటు. పక్కనే ఏనుగుల చేత నీళ్ళు తోడించేవారని చెప్పే హాథీ బౌలి ఉంది. ఇదంతా 17వ శతాబ్దం నాటిది.

హయాత్ బక్షీ బేగం ఒక సుల్తాను కూతురు, ఇంకో సుల్తాను భార్య, మరో సుల్తాను తల్లి. హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, అతని తర్వాత గద్దెనెక్కిన సుల్తాన్ మహమ్మద్ భార్య, ఆ తర్వాత వచ్చిన అబ్దుల్లాకి తల్లి. అంతటావిడ పేరుతో ఊరు వెలిసింది ఎక్కడ? బందరు దారిలో. గోల్కొండ వాళ్ళకి ఆ దారి ఎంత ముఖ్యమో ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ దారిన ఏమేం నడిచిందో తలచుకుంటే భలే ఉంటుంది. ఇటు నుంచి అటు వజ్రాలు, బట్టలు, నిజామాబాదు వైపు కోనసముద్రం, ఇందల్వాయి ఊళ్ళ ఉక్కు వెళ్ళేవి. ఆ ఉక్కుతో ఇరాన్‌లో కత్తులు చేసేవారు. అటు నుంచి ఇటు ఇరాన్ గుర్రాలు, లవంగాలు, జాజికాయ, చందనం, చైనా పింగాణీ. బర్మా, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) తీరాల నుంచి ఏనుగులు కూడా ఓడల్లో వచ్చేవి. "ఏనుగుని ఓడ ఎలా ఎక్కిస్తారు?" అని తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి అడిగింది. "ఎక్కించడం సంగతి సరే, బందరులో దింపడం ఇంకా కష్టం. అక్కడికి వెళ్ళాక చూద్దువుగాని" అన్నారు మామయ్యగారు.

మామయ్యగారిది బందరు దగ్గర పల్లెటూరు, చదువు బందరు కాలేజీలో. ఉద్యోగం పుణ్యమా అని హైదరాబాదులో స్థిరపడిపోయారు. నేను పుట్టి పెరిగింది వనస్థలిపురం, మా నాన్నది నల్గొండ. మా ఇంట్లో ఒకరికి సముద్రం అంటే ఊరు, ఇంకొకరికి సెలవుల్లో చూసే వింత. ఈ యాత్ర ఆలోచన మాత్రం నాదే.

తర్వాత దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. చిట్యాల, సూర్యాపేట, కోదాడ. తెలంగాణ దాటాక నందిగామ, కంచికచర్ల, పరిటాల. పరిటాలలో రోడ్డు పక్కన 135 అడుగుల ఆంజనేయస్వామి కనబడగానే కారులో అందరూ దండం పెట్టుకుంటారు. అదే పరిటాల చుట్టుపక్కల ఒకప్పుడు గోల్కొండ వాళ్ళు వజ్రాలు తవ్వించిన సంగతి మాత్రం దండం పెట్టినవాళ్ళలో చాలామందికి తెలియదు. ఆ గనులన్నిట్లోకి పేరు మోసిన కొల్లూరు కృష్ణకి అవతలి ఒడ్డున ఉండేది. ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది.

విజయవాడలో బెంజి సర్కిల్ దాటడానికే ముప్పావుగంట పట్టింది. అక్కడి నుంచి బందరు డెబ్భై కిలోమీటర్లు. అటూ ఇటూ వరి, దారంతా కాలవలు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన పచ్చదనం ఇది. రైలు రాకముందు బందరు కాలవలో పడవల మీద మనుషులు, ధాన్యం, ఉప్పు ప్రయాణం చేసేవి. మామయ్యగారి నాన్నగారు పడవలోనే బెజవాడ వెళ్ళేవారట.

చీకటి పడుతుండగా బందరు చేరాం. లాడ్జి కుర్రాడు గది తాళంతో పాటు, అడక్కుండానే, దోమల బత్తి ఇచ్చాడు. బందరు దోమల గురించి నేను విన్నదేదీ అతిశయోక్తి కాదు.

రెండో రోజు: బందరుకోట, గిలకలదిండి

పొద్దున్నే ఆటో మాట్లాడుకున్నాం. "కోటకా? అక్కడేముందండీ చూడ్డానికి?" అన్నాడు ఆటో అతను. ఆ మాట ఆ రోజు ఇంకో ముగ్గురి నోట విన్నాం.

ఊరు దాటగానే నేల మారిపోతుంది. చెట్లు పొట్టిగా అయిపోతాయి, మట్టి నల్లగా, తడిగా, అక్కడక్కడా ఉప్పు పొర కట్టి ఉంటుంది. మడ చెట్లు, రొయ్యల చెరువులు, వాటి మధ్య సన్నటి రోడ్డు. బందరుకోట అనే ఊరు ఈ బురద నేలలో గట్టుగా ఉన్న తునక మీద ఉంది. కొన్ని ఇళ్ళు, ఒక బడి, మేకలు. వాటి మధ్యలో ఉన్నట్టుండి మొండి గోడలు.

కోట అనగానే గోల్కొండ లాంటిది ఊహించుకోవద్దు. కొండ లేదు, ఎత్తు లేదు. బురుజులు చాలావరకు నేలలో కలిసిపోయాయి. మిగిలినవాటిలో చెప్పుకోదగ్గవి రెండు: ఒక ఆయుధాగారం, ఒక గంట గోపురం. పురావస్తు శాఖ నీలం బోర్డు పెట్టింది. ఆయుధాగారం గోడలు మా అమ్మాయి రెండు చేతులూ చాపినా అందనంత మందం. ఇటుక మీద సున్నం రాలిపోయి, పగుళ్ళలోంచి రావి మొక్కలు లేచాయి. లోపల చల్లగా, గబ్బిలాల వాసనగా ఉంది. మా ఆయన రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాడు.

నేను మాత్రం చాలాసేపు ఉన్నాను, ఎందుకంటే హైదరాబాదు చేతిలోంచి సముద్రం జారిపోయింది సరిగ్గా ఇక్కడే.

ఆ కథ ఇది. 1750 నుంచి బందరు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. అప్పుడు హైదరాబాదు గద్దె మీద కూర్చోబోయేవాళ్ళకి ఫ్రెంచి సైన్యం అండ. 1759లో ఇంగ్లీషు కంపెనీ తరఫున కర్నల్ ఫోర్డ్ ఈ కోటని ముట్టడించాడు. లోపల కాన్‌ఫ్లాన్స్ అనే ఫ్రెంచి సేనాని. నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో ఫ్రెంచివాళ్ళకి సాయంగా హైదరాబాదు నుంచి కదిలి దగ్గరలోకి వచ్చేశాడు. ఫోర్డ్ దగ్గర డబ్బు లేదు, మందుగుండు అయిపోవచ్చింది, వెనక నుంచి నిజాం సైన్యం వస్తోంది. మామూలుగా అయితే ముట్టడి ఎత్తేసి పారిపోవాలి. అతను ఏప్రిల్ 7 అర్ధరాత్రి, సముద్రం వెనక్కి తీసే పాటు సమయం చూసుకుని దాడి చేశాడు. నీళ్ళు తీసినప్పుడు అగడ్తలో లోతు తక్కువ. ఎవరూ రాలేరని లోపలివాళ్ళు ధీమాగా ఉన్న బురద వైపు నుంచి కూడా ఒక దండుని పంపాడు. తెల్లారేసరికి కోట వాళ్ళదైంది. మే నెలలో సలాబత్ జంగ్ సంధి చేసుకుని, బందరునీ చుట్టుపక్కల సీమల్నీ వదిలేసుకున్నాడు. ఫ్రెంచి సైన్యాన్ని తన దగ్గర ఉంచుకోనని కూడా ఒప్పుకున్నాడు.

"అంటే నిజాం అంత దగ్గర్లో ఉండి కూడా రాలేదా?" అంది మా అమ్మాయి.

"వచ్చేసరికి అయిపోయిందమ్మా. ఫోర్డ్ పంచాంగం చూసుకున్నాడు, వీళ్ళు చూసుకోలేదు" అన్నారు మామయ్యగారు. పోటుపాట్ల లెక్క తిథిని బట్టే కదా, ఆ మాట సరదాకి అన్నది కాదు.

కోట నుంచి పాత రేవు గిలకలదిండి దగ్గరే. చరిత్ర పుస్తకాల్లో బందరు రేవు అని చదివి, రాతి కట్టడాలు, ఓడలు వరసగా కట్టేసిన ధక్కా ఊహించుకుంటాం. అలాంటిది ఇక్కడ ఎప్పుడూ లేదు. సముద్రం ఒడ్డు దగ్గర మరీ లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలు కొన్ని మైళ్ళ అవతలే లంగరు వేసేవి. సరుకంతా పడవల్లోకి దింపి, పాయ లోపలికి తెచ్చి, ఇక్కడి గట్టున దించేవారు. కొబ్బరి పీచు తాళ్ళతో పలకల్ని కలిపి కుట్టిన పడవలవి. మేకులు కొట్టినవైతే అలల దెబ్బకి పగిలిపోతాయి, కుట్టినవి వంగి తట్టుకుంటాయి. మా అమ్మాయి ఏనుగు ప్రశ్నకి సగం జవాబు ఇక్కడ దొరికింది. మిగతా సగం, అంటే ఊగే ఓడలోంచి ఊగే పడవలోకి ఏనుగుని ఎలా మార్చేవారన్నది, నా బుర్రకి అందలేదు.

అయినా ఇది మామూలు రేవు కాదు. ఓడలు సురక్షితంగా లంగరు వేయడానికి బంగాళాఖాతంలో ఇంతకంటే మంచి చోటు లేదని 1652లో ఇక్కడ దిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే రాసుకున్నాడు. అతను వచ్చింది గోల్కొండ సుల్తాను సొంత ఓడలో, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుంచి. చార్మినారు నీడలో కూర్చున్న సుల్తానుకి సముద్రంలో ఓడ! బందరు నుంచి పెగూ, సయాం, అరకాన్, సుమత్రా, మక్కా, హోర్ముజ్ దాకా ఓడలు వెళ్ళేవి. గుర్రాల వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఇరాన్ నుంచి వచ్చిన మీర్ జుమ్లా ఈ రేవుకి హవల్దారు, అంటే పాలనాధికారి, అయ్యాడు, ఇక్కడి సంపాదనతోనే గోల్కొండలో చక్రం తిప్పాడు, చివరికి మొగలుల వైపు దూకాడు. డచ్చివాళ్ళు 1605 ప్రాంతంలో వచ్చారు. ఇంగ్లీషువాళ్ళ 'గ్లోబ్' అనే ఓడ 1611లో వచ్చింది. తూర్పు తీరంలో వాళ్ళ మొదటి కొలువు, అంటే వర్తక స్థావరం, ఇదే. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా దగ్గర 'బంగారు ఫర్మానా' పుచ్చుకుని, ఏడాదికి 500 వరహాలు కట్టి ఎంతైనా వ్యాపారం చేసుకునే వీలు సంపాదించారు. మద్రాసులో కోట కట్టించినవాళ్ళలో ఒకడైన ఆండ్రూ కోగన్ అంతకుముందు బందరు కొలువుకి పెద్ద.

ఇప్పటి గిలకలదిండి చేపల రేవు. మేం వెళ్ళేసరికి గట్టున బోట్లు ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుని ఉన్నాయి. ఐసు గడ్డలు దంచే చప్పుడు, డీజిలు వాసన, చేపల వాసన, ఆడవాళ్ళ కేకలు. చందువాలు, వంజరాలు, పండుగప్పలు, మాగలు గుట్టలుగా పోసి వేలంపాట. పాట పాడే మనిషి అంకెలు మింగేస్తూ ఎంత వేగంగా పాడాడంటే, ఎవరికి ఎంతకి పోయిందో నాకు ఒక్కటీ అర్థం కాలేదు. కొనేవాళ్ళు కనుబొమ్మ ఎగరేస్తే చాలు. మామయ్యగారు చేపల దగ్గర నిలబడి, ఒక్కొక్కదాని పేరు మా అమ్మాయికి చెబుతూ అలా ఉండిపోయారు. నేనూ మా ఆయనా బోటు నడిపే ఒక సరంగుతో మాటల్లో పడ్డాం.

ఆయన చెప్పిందే నాకు ఈ ప్రయాణం మొత్తంలో గుర్తుండిపోయింది. వేటకి వెళ్తే అయిదారు రోజులు సముద్రంలోనే ఉంటారట. తిరిగొచ్చాక మొగ దగ్గర, అంటే పాయ సముద్రంలో కలిసే చోట, అసలు కష్టం.

"మొగ పూడిపోద్దండీ. ఇసకా బురదా వచ్చి పడిపోతాది. పాటులో వచ్చామనుకోండి, బోటు లోనికి రాదు. కింద తగిలేస్తాది. పోటొచ్చేదాకా బయట లంగరేసుకుని ఉండాల. ఇటు చూస్తే ఊరు కనపడతానే ఉంటాది. ఐసు కరిగిపోతా ఉంటాది."

"తవ్విస్తారు కదా?"

"తవ్వుతారు. మళ్ళీ పూడుద్ది. కిష్ణమ్మ ఊరుకుంటదా?"

ఎంత నిజం! ఈ నేలంతా కృష్ణ తెచ్చి పోసిన మట్టే. దివిసీమ వరి, పెడన కాలవలు, కోట నిలబడిన గట్టు, అన్నీ ఆ మట్టి పెట్టిన భిక్షే. అదే మట్టి రేవు గొంతు పట్టుకుని నొక్కింది. ఓడలు పెద్దవయ్యే కొద్దీ ఇంకా దూరంగా ఆగాల్సి వచ్చింది. కుట్టు పడవల కాలంలో అది ఓర్చుకోగల ఇబ్బంది. ఆవిరి ఓడలు వచ్చాక, లోతైన రేవులు వేరే చోట దొరికాక, ఇక ఎవరు ఓర్చుకుంటారు? బందరు రేవుని తుపానే చంపిందని చాలామంది అంటారు. నాకు మాత్రం తుపాను ఒక్క రాత్రిలో చేసిన పనిలో పెద్ద భాగం బురద అంతకుముందే మెల్లగా చేసి పెట్టిందనిపిస్తుంది.

తుపాను తక్కువదని కాదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఊరి మీద పడింది. ఊరూ చుట్టుపక్కలా కలిపి దాదాపు 30,000 మంది పోయారు.  కోట ప్రాంతం ఆ తర్వాత కోలుకోలేదు. మామయ్యగారికి ఆ కథ కంటే 1977 ఎక్కువ గుర్తు. నవంబరు 19 దివిసీమ ఉప్పెన. నాగాయలంక వైపు వాళ్ళ చుట్టాల ఇల్లు. అంతవరకు చెప్పి, "పద, ఎండెక్కుతోంది" అని లేచారు. మేం కూడా ఇంకేం అడగలేదు.

మధ్యాహ్నం రేవు దగ్గరే ఒక చిన్న హోటల్లో వంజరం వేపుడు, చింతకాయ వేసి వండిన రొయ్యల కూర, అన్నం. హోటలావిడ మా అమ్మాయికి రెండోసారి వడ్డిస్తూ "హైదరాబాదులో ఇలాంటివి దొరకవమ్మా" అంది. దొరుకుతాయి, కానీ అక్కడికి వచ్చేసరికి ఆ చేపకి కూడా మాలాగే ప్రయాణ బడలిక ఉంటుంది.

మూడో రోజు: డచ్చి సమాధులు, లడ్డు, మంగినపూడి

పొద్దున డచ్చివాళ్ళ సమాధుల తోటకి వెళ్ళాం. ఊళ్ళోనే ఉంది, గేటు తాళం తీయించడానికి మాత్రం కాస్త తిరగాల్సి వచ్చింది. నల్లరాతి పలకల మీద ఉబ్బెత్తు అక్షరాలు, వంశ చిహ్నాలు, డాలు, శిరస్త్రాణం, పూలతీగలు. 17వ శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి తిరిగి వెళ్ళలేకపోయినవాళ్ళవి. ఆ చెక్కడం చూస్తే చేసింది రాళ్ళ మీద చెయ్యి తిరిగినవాళ్ళని తెలిసిపోతుంది. నాలుగు వందల ఏళ్ళ ఉప్పుగాలికి అక్షరం చెదరలేదు. పక్క వీధిలో గోడల మీది సున్నం నాలుగేళ్ళు నిలవడం లేదు.

సెయింట్ మేరీ చర్చి గురించి బందరులో అందరూ ఒక ప్రేమకథ చెబుతారు. ఇంగ్లీషు సేనాని ఒకాయన ప్రేమించిన అమ్మాయి చనిపోతే, మతశాఖ వేరని శ్మశానంలో చోటివ్వలేదని, ఆయనే స్థలం కొని సమాధి కట్టించి దాని చుట్టూ చర్చి లేపాడని. శవాన్ని అద్దాల పెట్టెలో పెట్టి చాలాకాలం చూసుకున్నాడని కూడా అంటారు. మా అమ్మాయికి ఈ కథ కోట కంటే, రేవు కంటే నచ్చేసింది. ఆ వయసులో నాకూ నచ్చేదేమో.

కోనేరు సెంటర్లో లడ్డు కొనకుండా బందరు నుంచి వస్తే ఇంట్లోకి రానివ్వరు. బందరు లడ్డు బూందీతో చేసేది కాదు. శనగపిండిని జంతికల్లా నూనెలో వేసి తీసి, దాన్ని రోట్లో దంచి, జల్లించి, పాకంలో వేసి, నెయ్యి పోస్తూ మళ్ళీ దంచుతారు. అందుకే తొక్కుడు లడ్డు. నోట్లో వేసుకుంటే నమలనక్కర్లేదు. గోధుమ పాలతో, బెల్లంతో, గంటల తరబడి కలియబెట్టే నల్ల హల్వా ఇంకో సంగతి. బుందేల్‌ఖండ్ నుంచి సిపాయిలుగా వచ్చిన బొందిలీలు ఈ మిఠాయిల విద్య తెచ్చారని చెబుతారు. దుకాణం ఆయన మా ఆయనకి రుచి చూడమని పెట్టిన ముక్కలతోనే మధ్యాహ్నం భోజనం అయిపోయింది.

భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఈ ఊళ్ళోనే. 1902 నుంచి కృష్ణాపత్రిక వెలువడింది ఇక్కడి నుంచే. ఆంధ్ర జాతీయ కళాశాల, నోబుల్ కాలేజీ ఇక్కడివే. రేవు పోయాక ఊరు బట్టలకి బదులు చదువుకున్న మనుషుల్ని ఎగుమతి చేయడం మొదలుపెట్టిందని మామయ్యగారి సిద్ధాంతం. ఆయన కూడా ఆ ఎగుమతిలో భాగమే కాబట్టి ఆ మాట గర్వంగానే చెబుతారు.

సాయంత్రం మంగినపూడి బీచి. విశాఖ ఇసక చూసి అలవాటైన కళ్ళకి ఇది నిరాశే. ఇసక తక్కువ, నల్లటి ఒండ్రు ఎక్కువ. మోకాలి లోతు నీళ్ళలో చాలాదూరం నడిచి వెళ్ళవచ్చు. నాకైతే నిన్న విన్న మొగ సంగతి కాళ్ళకి తగిలింది. ఓడ ఇక్కడికి ఎలా వస్తుంది చెప్పండి? ఆ పక్కనే కొత్త పోర్టు పనులు జరుగుతున్నాయి. 2023లో మొదలుపెట్టారు. రాళ్ళ లారీలు ఒకదాని వెనక ఒకటి దుమ్ము లేపుకుంటూ వెళ్తున్నాయి. సముద్రంలోకి రాతి గోడలు కట్టి, లోపల డ్రెడ్జింగ్ చేసి లోతు తెస్తారట. తెస్తారు సరే, తెచ్చిన లోతు నిలబెట్టడానికి ఏటా ఎంత పొయ్యాలో లెక్క వేసుకున్నారా అని మా ఆయన అనుమానం. ఆయన సివిల్ ఇంజినీరు, అనుమానం వృత్తిధర్మం. "పోర్టు వస్తే హైదరాబాదు కంటైనర్లన్నీ మళ్ళీ ఇక్కడికే రావాలిరా, దగ్గర రేవు ఇదే" అని మామయ్యగారు. తండ్రీకొడుకులు చీకటి పడేదాకా ఆ వాదనలోనే ఉన్నారు. నేనూ మా అమ్మాయీ మొక్కజొన్న పొత్తులు తిన్నాం.

నాలుగో రోజు: పెడన, కూచిపూడి, ఇల్లు

బందరు రేవు నుంచి వెళ్ళినవాటిలో ప్రపంచాన్ని ఊపేసింది బట్ట. ఆ బట్ట ఇంకా తయారవుతున్న ఊరు పెడన, బందరుకి పది కిలోమీటర్ల దూరం. కలంకారీ అద్దకం చూపిస్తామన్న ఒక షెడ్డులోకి వెళ్ళాం. పొడవాటి బల్లల మీద బట్ట పరిచి, టేకు చెక్కతో చెక్కిన అచ్చుని రంగులో ముంచి, బట్ట మీద పెట్టి అరచేత్తో గట్టిగా కొడతారు. టప్, టప్ అని షెడ్డంతా ఒకటే చప్పుడు. ఒక్క డిజైనుకి ఎన్ని రంగులో అన్ని అచ్చులు, ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా రాకుండా పడాలి.

దానికి ముందు పనే ఎక్కువ. బట్టని గంజి పోయేలా ఉతికి, కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగుని పాకనివ్వదు. నలుపు రంగు కసిం నీళ్ళతో వస్తుంది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. మూత తీసి చూపించారు, వాసన మాటల్లో చెప్పలేను. ఎరుపు కావాల్సిన చోట ముందు పటిక నీళ్ళు అద్దుతారు. తర్వాత రాగి గంగాళంలో రంగు చెక్కలు, ఆకులు వేసి ఉడికిస్తే పటిక పడ్డచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. అంతకుముందు ఏమీ కనబడని బట్ట మీద ఒక్కసారి పూలు పూస్తాయి. పూర్వం ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది, ఈ తీరంలో ఇసక నేలల్లో దొరికే వేరు. దాని వల్లే ఇక్కడి ఎరుపు ఉతికే కొద్దీ తేరేదని పేరు.

ఆ బట్ట యూరప్ వాళ్ళకి ఎంత పిచ్చి పట్టించిందంటే, అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టి ప్రభుత్వాల చేత నిషేధాలు పెట్టించారు. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1701లో, మళ్ళీ 1721లో ఇంకా గట్టిగా. అద్దకం చేస్తున్న పెద్దాయనకి ఇది చెబితే, అచ్చు కొట్టడం ఆపకుండానే "ఇప్పుడు మాకు స్క్రీన్ ప్రింట్ వాళ్ళతోనే పోటీ అమ్మా, ఫ్రాన్సుతో కాదు" అన్నాడు. నిజమే, బయట దుకాణాల్లో కలంకారీ పేరుతో అమ్మేవాటిలో చాలా వరకు స్క్రీన్ ప్రింటే. చేత్తో కొట్టిన అచ్చులో ఎక్కడో ఒక చోట చిన్న అతుకు తేడా కనబడుతుంది, అది చూసుకుని కొనుక్కోవాలి. రెండు దుప్పట్లు, ఒక చీర తీసుకున్నాను. బేరం ఆడబోతే మామయ్యగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఇంట్లో కూరగాయల బండి దగ్గర రూపాయి వదలని మనిషి!

తిరుగు దారిలో పామర్రు దగ్గర ఎడమకి తిరిగితే కూచిపూడి. గోల్కొండ ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానీషా ఈ దారిన బందరు వెళ్తూ ఇక్కడ బస చేశాడని, ఊళ్ళో భాగవతుల ఆట చూసి ముచ్చటపడి 1678లో ఈ అగ్రహారాన్ని వాళ్ళకే రాసిచ్చాడని చెప్పుకుంటారు. హయత్‌నగర్‌లో ఆ సరాయి ఎవరిదని నలుగురిని అడిగితే ఒకరు చెప్పారు. బందరుకోటలో గోల్కొండ మాటే ఎవరూ ఎత్తలేదు. కూచిపూడిలో మాత్రం గుడి దగ్గర కూర్చున్న ముసలాయన మేం హైదరాబాదు నుంచి అనగానే "తానీషా ప్రభువుల ఊరు నుంచా!" అన్నాడు. తానీషాకి ఆ తర్వాత తొమ్మిదేళ్ళే మిగిలాయి. 1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టుకుని అతన్ని దౌలతాబాద్ కోటలో పెట్టాడు. అయినా ఇచ్చిన ఊరు మాత్రం ఇచ్చినట్టే ఉంది. నాట్యం నేర్పే కళాపీఠంలో పిల్లలు అడవులు, అంటే నాట్యంలో మొదటి అడుగులు, సాధన చేస్తుంటే కిటికీలోంచి చూశాం. మా అమ్మాయి నాలుగేళ్ళు నేర్చుకుని టెన్త్ క్లాస్ టెన్షన్‌కి ముందే మానేసింది. ఏమీ అనకుండా చూస్తూ నిలబడింది, నేనూ ఏమీ అనలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. కారు లేకపోతే బీదర్ నుంచి వచ్చే మచిలీపట్నం ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్‌లో ఎక్కితే తెల్లారేసరికి బందరు. గిలకలదిండిలో బోట్లు, వేలంపాట చూడాలంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వెళ్ళొద్దు, అప్పుడు వేట నిషేధం. పెడనకి వానాకాలం వద్దు, ఎండ లేకపోతే అద్దకం సాగదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం కాబట్టి డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. సరంగులని పోటు ఎప్పుడని ముందే అడిగి, ఆ సమయానికి రేవులో ఉండండి. లేకపోతే చూడ్డానికి ఖాళీ గట్టే ఉంటుంది. దోమల మందు మాత్రం ఇక్కడి నుంచే పట్టుకెళ్ళండి, లాడ్జివాళ్ళు ఇచ్చే బత్తికి బందరు దోమలు లొంగవు.